కొటియా ఎవరిది అని అడిగే ముందు

2024 మే 13న అరకు, కొరాపుట్ లోక్‌సభ స్థానాలకు ఒకే రోజు పోలింగ్ జరిగింది. రెండూ షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానాలే. ఈ రెంటి నడుమ కొండల్లో, కొటియా అనే పేరుతో మనం కలిపి చెప్పుకునే 21 ఊళ్లున్నాయి. అక్కడ చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ లెక్కలో ఆ ఊళ్లు పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానివి. ఒడిశా లెక్కలో అవి కొరాపుట్ జిల్లా పొట్టంగి సమితికి (బ్లాకుకు) చెందినవి. ఒక రాష్ట్రం బడి కడితే రెండో రాష్ట్రం రోడ్డు వేస్తుంది. ఒకరి అధికారులు వస్తే మరొకరి పోలీసులు ఎదురొస్తారు.

మన పత్రికల్లో ఈ ప్రాంతమంతటికీ ఏఓబీ అని ఒక పొట్టి పేరుంది. ఆంధ్రా ఒడిశా బోర్డర్. ఆ మూడక్షరాలు కనిపించాయంటే పక్కన ఎదురుకాల్పుల వార్తో, గంజాయి పట్టివేత వార్తో ఉంటుందని పాఠకుడికి అలవాటైపోయింది. ఆ గీత అక్కడే ఎందుకు పడింది, దానికి అటూ ఇటూ ఎవరున్నారు అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అది తెలియకుండా కొటియా తగువు అర్థం కాదు, వంశధార నీటి తగువూ అర్థం కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ కొండల్లో గీతను భూగోళం గీయలేదు, జమీందారీ దస్తావేజులు గీశాయి. ఆ గీత మనుషులను విడదీయలేకపోయింది. కానీ వాళ్ల మీద అమలయ్యే చట్టాన్ని, వాళ్లు తాగే నీటిని, వాళ్ల పిల్లల చదువును నిలువునా చీల్చింది.

ముందు కొండల సంగతి

సాలూరు నుంచి పడమటికి చూస్తే తూర్పు కనుమలు గోడలా అడ్డం నిలబడి ఉంటాయి. పి.కోనవలస ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ వైపు వెళ్తే, గోడకు అవతలి వైపు దిగుడు ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండదు. పైకెక్కాక సుమారు 900 మీటర్ల ఎత్తున విశాలమైన పీఠభూమి మొదలవుతుంది. అది కొరాపుట్ జిల్లాలోని జయపురం దగ్గర 600 మీటర్లకు మెట్టు దిగి, ఇంకా పడమరకు, దక్షిణానికి పోయేకొద్దీ మల్కన్‌గిరి అడవుల్లోకి జారిపోతుంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) కొటియాకు దగ్గరలోనే ఉంది. ఆంధ్ర వైపు అంతటి ఎత్తున్న శిఖరాలు పాడేరు చుట్టుపక్కల ఉన్నాయి.

రెండు రాజ్యాల మధ్య కొండలుంటే సరిహద్దు వాటి శిఖరాల వెంట పోవాలని, వాన నీరు ఎటు జారితే ఆ నేల అటువారిదని భూగోళ పాఠాల్లో చదువుకున్నాం. హిమాలయాల్లో చాలాచోట్ల ఆ సూత్రం మీదే వాదనలు నడుస్తాయి. ఇక్కడ ఆ సూత్రం పనిచేయదు. పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు ఆంధ్రలో ఉన్నా అక్కడి నీళ్లు విశాఖ సముద్రానికి రావు. మత్స్యగెడ్డగా మొదలై, మాచ్‌ఖండ్‌గా పేరు మార్చుకుని, సీలేరై, శబరిలో కలిసి గోదావరికి పోతాయి. నాగావళి, వంశధారల దారి దీనికి పూర్తిగా విరుద్ధం. అవి ఒడిశా కొండల్లో పుట్టి, కనుమలను కోసుకుని, శ్రీకాకుళం మైదానంలోకి దిగి బంగాళాఖాతంలో కలుస్తాయి. ఒకే కొండల సముదాయం నీటిని రెండు దిక్కులకూ పంచుతుంది. సీలేరు వెంట కొంతదూరం నదే సరిహద్దు. మిగతా చోట్ల గీత వాగులను దాటుతుంది, లోయలను చీలుస్తుంది, ఒక ఊరి పొలాన్ని ఆ ఊరి అడవి నుంచి వేరు చేస్తుంది.

రాయి కూడా రెండు వైపులా ఒకటే. ఈ కనుమల్లో ఎక్కువగా దొరికే ఎర్రటి శిలకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. లక్షల ఏళ్ల వానకు ఆ రాయి క్షీణించి కొండల నెత్తిన బాక్సైట్ పొరగా మారింది. ఈ బాక్సైట్ సంగతి మళ్లీ వస్తుంది, ఎందుకంటే గీత ప్రభావం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది అక్కడే.

గీత ఎక్కడి నుంచి వచ్చింది

ఈ ప్రాంతపు చరిత్రను ఆంధ్రా, ఒడిశా అనే మాటలతో మొదలుపెడితే దారి తప్పుతాం. మొదలుపెట్టవలసింది జయపురం నుంచి. కొన్ని వందల ఏళ్లపాటు ఈ కొండలకు పెద్ద దిక్కు జయపురం రాజులే. సాలూరు, పాచిపెంట, కురుపాం, మాడుగుల వంటి కొండ దిగువ జమీలు చాలావరకు ఒకప్పుడు ఆ రాజుల కింద సామంతులుగా ఉన్నవే. తర్వాత విజయనగరం పూసపాటి రాజుల బలం పెరిగి ఈ జమీలు వారి చేతికిందికి వచ్చాయి. 1760లలో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక ఈ కొండలూ, జమీలూ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాగా ఒకే గొడుగు కిందికి చేరాయి. అంటే ఇప్పుడు మనం గీసుకున్న సరిహద్దు వంద ఏళ్ల కిందట ఒక జిల్లా లోపల రెండు జమీందారుల హద్దు. అది రాష్ట్ర సరిహద్దు అవుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. అందుకే ఎవరూ దానిని కొలవలేదు.

కొలవకపోవడానికి మరో కారణం జ్వరం. మన్యం జ్వరం అంటే మైదానం ఉద్యోగికి ప్రాణభయం. పాలకులు తమ ముఖ్య కార్యాలయాన్ని జయపురం నుంచి 1870లో కొరాపుట్‌కు మార్చుకున్నదే గాలి మంచిదని. పన్ను వసూలు చేయడానికి ప్రభుత్వం నేరుగా ఊళ్లకు వెళ్లలేదు. జమీందారు ముఠాదారును, అంటే ముఠా అనే కొండ ఊళ్ల గుంపుకు పెద్దను నమ్ముకున్నాడు, ముఠాదారు ఊరిపెద్దను నమ్ముకున్నాడు. ఏ ముఠా ఎవరికి ఎంత కప్పం కడుతుందో రాసి ఉంది. ఆ ముఠా ఏ రాయి దగ్గర మొదలై ఏ చెట్టు దగ్గర ముగుస్తుందో రాసిలేదు. పైగా 1839లో వచ్చిన గంజాం, విశాఖపట్నం చట్టం ఈ కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచే తప్పించి గవర్నర్ ఏజెంటు చేతిలో పెట్టింది. మనం నేటికీ వాడే ‘ఏజెన్సీ’ అనే మాట అక్కడిదే. కోర్టు లేని చోట భూమి తగువు తీర్పులుండవు. తీర్పులు లేని చోట హద్దులకు లిఖిత సాక్ష్యం మిగలదు.

ఇలాంటి నేల మీద 1936 ఏప్రిల్ 1న రాష్ట్ర సరిహద్దు దిగింది. ఒడియా మాట్లాడేవారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం ఫలించి ఒరిస్సా ఏర్పడింది. జయపురం ఎస్టేటు మొత్తాన్ని విశాఖ జిల్లా నుంచి విడదీసి కొరాపుట్ జిల్లాగా ఒరిస్సాకు ఇచ్చారు. సాలూరు, పాచిపెంట మద్రాసులోనే ఉండిపోయాయి. పర్లాకిమిడి జమీని మధ్యకు కోశారు. పట్టణం, కొండలు అటు, దిగువ మైదానం చాలావరకు ఇటు. భాష ప్రాతిపదికన ఏర్పడిన రాష్ట్రమని చెప్పుకున్నా, కొండల్లో గీసేటప్పుడు ఏ ఊళ్లో ఏ భాష మాట్లాడుతున్నారని చూడలేదు. ఆ ఊరి శిస్తు ఏ ఎస్టేటుకు వెళ్తుందన్నదే చూశారు. భాషను చూసి ఉంటే ఇంకా చిక్కుపడేవారు. ఖోండుల భాష కువి మాట్లాడే ఊరిని తెలుగు ఊరనాలా, ఒడియా ఊరనాలా?

ఆ తర్వాత అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మద్రాసులో 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. జయపురం ఎస్టేటును 1952లో ఒరిస్సా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. జమీందారులు పోయారు, వారి అస్పష్టమైన హద్దులు మాత్రం రెండు ప్రభుత్వాలకు వారసత్వంగా వచ్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. కొటియా ఊళ్లు సరైన సర్వే లేకుండానే మిగిలాయి. 1968లో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. యథాతథ స్థితి కొనసాగించాలని కోర్టు ఆదేశించింది. 2006లో ఆ దావా ఊళ్లు ఎవరివో తేలకుండానే ముగిసింది. రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటుది. పార్లమెంటు దీనిని ఎన్నడూ పట్టించుకోలేదు.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఇక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపింది. గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు అని మన కాగితాల్లో ఉన్న ఊళ్లు ఒడిశా కాగితాల్లో గంజేయిపదర్, ఫటుసినేరి, ఫగునసినేరి. ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, ప్రధాన కార్యదర్శుల స్థాయిలో సంయుక్త కమిటీ వేయాలని నిర్ణయించారు.

ఎవరి వాదన గట్టిదని నన్నడిగితే, రెండింటిలోనూ ఒకటే లోపం కనిపిస్తోందని చెబుతాను. ఇద్దరూ పాత ఎస్టేటు రికార్డులనే సాక్ష్యంగా చూపుతున్నారు. ఆ రికార్డులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి రాసినవి కావు.

ఎవరు ఈ మనుషులు

భారతదేశంలో ఇంత చిన్న ప్రదేశంలో మూడు భాషా కుటుంబాలు పెనవేసుకున్న చోట్లు అరుదు. సవర, గుతోబ్, బోండాలు మాట్లాడే రెమో, దిదాయిల భాష గతా, ఇవి ముండా కుటుంబానివి. ఖోండుల కువి, కొండదొరల భాష కూబి, ఒల్లారి గదబ, కోయ, తెలుగు ద్రావిడ కుటుంబానివి. సంతల్లో అందరికీ ఉమ్మడిగా పనికొచ్చే దేశియ ఒడియా ఇండో ఆర్య కుటుంబానిది. గదబలనే చూడండి. ఒకే తెగగా తమను తాము చెప్పుకునేవారిలో కొందరి భాష ముండా కుటుంబానిది, మరికొందరిది ద్రావిడ కుటుంబానిది. భాషను బట్టి జాతిని, జాతిని బట్టి రాష్ట్రాన్ని తేల్చే పద్ధతి ఇక్కడ మొదటి మెట్టులోనే కూలిపోతుంది. ఖోండుల్లో మైదానానికి దగ్గరగా దిగి తెలుగు మాట్లాడటం నేర్చినవారిని జాతాపులంటాం. పైన కొండల్లో ఉన్న బంధువులు కువిలోనే మాట్లాడుకుంటారు. ఇద్దరి మధ్య తేడా ఎత్తులో ఉంది, రాష్ట్రంలో లేదు.

ఈ భాషలను మనవాళ్లలో మొదట శ్రద్ధగా విన్నది గిడుగు రామమూర్తి పంతులు. తెలుగువారు ఆయనను వ్యావహారిక భాషోద్యమానికి గుర్తుపెట్టుకున్నారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. ఆయన జీవితంలో సగం సవరలకే పోయింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండల్లోకి వెళ్లి ఆ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు అంతకాలం బతికిన ఊరిని వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన ఎవరి భాషకైతే వ్యాకరణం రాశారో ఆ సవరలు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. సగం మంది గీతకు అటు గుణుపురం, గుమ్మ కొండల్లో, సగం మంది ఇటు సీతంపేట కొండల్లో ఉండిపోయారు. గిడుగు తర్వాత భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి కూబి భాషకు 1969లో వ్యాకరణం రాశారు. తెలుగు పండితులు ఈ కొండలకు చేసిన మేలులో ఈ రెండు పనులకు సాటి రాగలవి నాకు కనిపించవు.

గీత చేసిన అన్యాయం బడిలో కనిపిస్తుంది. మాతృభాషలో ప్రాథమిక విద్య అనే మంచి ఆలోచనను రెండు రాష్ట్రాలూ ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలోనే అమలుచేశాయి. ఆంధ్ర వైపు కువి, సవర పాఠాలను తెలుగు లిపిలో అచ్చువేశారు. ఒడిశా వైపు ఒడియా లిపిలో వేశారు. సవరలకు సొంతంగా సోరా సొంపెంగ్ అనే లిపి కూడా ఉంది, దానిని 1936లో మంగేయ్ గొమాంగో రూపొందించారు. ఫలితంగా ఒకే భాష మాట్లాడే ఇద్దరు దాయాదుల పిల్లలు తమ సొంత భాషలో ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు. చదువు రాకముందు ఆ ఇబ్బంది లేదు.

బడి బయట మాత్రం జీవితం ఇంకా ఉమ్మడిగానే సాగుతోంది. చైత్రమాసంలో ఆంధ్ర వైపు ఇటుకల పండుగ, ఒడిశా వైపు చైత్ పరబ్. పేర్లు వేరు, పండుగ ఒకటే. రెండు చోట్లా మగవారు వేటకు పోతారు, రెండు చోట్లా థింసా ఆడతారు. పోడును రెండు చోట్లా పోడు అనే అంటారు. కొండవాలులో రాగి, సామ, కొర్ర, కంది, వలిసెలు కలిపి చల్లుతారు, పల్లంలో వరి వేస్తారు. ఈ వరి సామాన్యమైనది కాదు. జయపురం ప్రాంతం ఆసియా వరి వైవిధ్యానికి పుట్టిళ్లలో ఒకటని శాస్త్రవేత్తలు గుర్తించారు. కొరాపుట్ సంప్రదాయ సాగును 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా ప్రకటించింది. ఆ సాగు గీత దగ్గర ఆగిపోలేదు, గుర్తింపు మాత్రం ఆగిపోయింది. అరకు కాఫీకి 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు వివరణలో ఒడిశా ప్రాంతం కూడా ఉంది, పేరు మాత్రం అరకుదే. అదే ఎత్తున, అదే మట్టిలో పండే కొరాపుట్ కాఫీని వేరే పేరుతో అమ్ముతున్నారు.

సంతల్లో గీత లేదు. వ్యాపారం ఎప్పుడూ గీతకు అడ్డంగానే నడిచింది. ఒకప్పుడు కోస్తా ఉప్పును బంజారాలు ఎడ్ల మీద పెరికలు వేసి సాలూరు మీదుగా జయపురానికి, అక్కడి నుంచి బస్తరుకు మోసేవారు. తిరుగు ప్రయాణంలో ధాన్యం, అటవీ ఉత్పత్తులు తెచ్చేవారు. సాలూరు ఇప్పుడు లారీల ఊరుగా పేరు పడిందంటే ఆ దారే కారణం. ఇక కుందులి, సుంకరమెట్ట, ఒనకడిల్లి సంతలకు చుట్టుపక్కల కొండలన్నీ దిగివస్తాయి. పసుపు, చింతపండు, అడ్డాకులు, అల్లం అమ్మి ఉప్పు, చేపలు, బట్టలు కొనుక్కుపోతారు.

తిరుగుబాట్లు కూడా అలాగే సాగాయి. జీలుగు కల్లు మీద చిగురు పన్ను వేసినందుకు 1879లో రేగిన రంప పితూరీ గోదావరి కొండల్లో మొదలై మల్కన్‌గిరికి పాకింది. దాని నాయకుల్లో ఒకరైన తమ్మనదొర 1880లో అక్కడే పోలీసుల చేతిలో ప్రాణాలు వదిలాడు. అల్లూరి సీతారామరాజు మనకు తెలుసు. 1942లో మథిలి పోలీసు ఠాణా దగ్గర ప్రజలను నడిపించి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరికంబం ఎక్కిన లక్ష్మణ్ నాయక్ మనలో ఎంతమందికి తెలుసు? ఆయన తిరిగిన కొండలు సీతారామరాజు తిరిగిన కొండలకు కొనసాగింపే. రాష్ట్రాలు మారితే వీరులూ పంచబడిపోతారు.

నీటి లెక్క

గీత వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవారు జలాశయాల అంచున ఉన్నవారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం దేశంలో రెండు రాష్ట్రాలు కలిసి కట్టుకున్న తొలి ప్రాజెక్టుల్లో ఒకటి. 1955లో ఉత్పత్తి మొదలైంది. మొదట కరెంటులో ఆంధ్ర వాటా 70 శాతం, ఒడిశా వాటా 30 శాతం. తర్వాత చెరిసగం అనే ఏర్పాటుకు వచ్చారు. వాటాల మీద దశాబ్దాల ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. దానికి నీళ్లిచ్చే జలాపుట్ జలాశయం కింద పొలాలు పోగొట్టుకున్న గిరిజనుల వాటా ఎంతన్నది ఆ ఉత్తరాల్లో ముఖ్యాంశం కాలేదు.

బలిమెల కథ ఇంకా బాధాకరం. చిత్రకొండ వద్ద సీలేరుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట నీళ్లను రెండు రాష్ట్రాలు సగం సగం పంచుకున్నాయి. ఒడిశా తన వాటాను బలిమెల విద్యుత్ కేంద్రానికి మళ్లించుకుంది, ఆంధ్రకు వచ్చిన వాటా ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాల్లో కరెంటవుతోంది. ఈ పంపకంలో మల్కన్‌గిరి జిల్లాకు చెందిన 151 ఊళ్లు ఒక పక్క నీళ్లకు, మరో పక్క ఆంధ్ర సరిహద్దుకు మధ్య ఇరుక్కుపోయాయి. వాటి పేరే కటాఫ్ ఏరియా అయిపోయింది. సొంత జిల్లా ఆసుపత్రికి పోవాలంటే పడవ ఎక్కాలి. నడిచి పోగలిగింది ఆంధ్ర వైపే, అక్కడ వాళ్లు పొరుగు రాష్ట్రం వాళ్లు. 2018 జూలైలో గురుప్రియ వంతెన ప్రారంభమయ్యేదాకా, అంటే దాదాపు రెండు తరాలపాటు, ఇదే పరిస్థితి. పాలకులు అడుగుపెట్టని చోట మావోయిస్టులు స్థావరాలు వేసుకున్నారు. 2008 జూన్ 29న అదే జలాశయంలో పడవ మీద వెళ్తున్న గ్రేహౌండ్స్ బలగాలపై దాడి జరిగి 38 మంది చనిపోయారు. తుపాకుల చరిత్రను ఇక్కడ ఇంతకన్నా సాగదీయను. రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య ఉన్న గీత దాక్కునేవారికి ఎంత పనికొచ్చిందో, గంజాయి కొనుగోలుదారులకూ అంతే పనికొచ్చింది. పట్టుబడేది ఎక్కువగా మూటలు మోసిన కొండ కుర్రాడు, లాభం పోయేది దూరంగా ఉన్న నగరాలకు.

వంశధార, జంఝావతి నదుల తగువులు మైదానానివి అనిపిస్తాయి గానీ వాటి మూలమూ ఇదే. వంశధార మీద నేరడి బ్యారేజీకి ఒడిశాలో 106 ఎకరాలు కావాలి. దానికోసం 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి 2017లో తీర్పు ఇచ్చింది. జంఝావతిలో ముంపు ఒడిశా ఊళ్ల మీద పడుతుందని అభ్యంతరం వచ్చాక, గేట్ల ఆనకట్ట బదులు గాలి నింపితే లేచే రబ్బరు డ్యామును కట్టి 2006లో ప్రారంభించారు. ఇంజనీరింగ్‌గా చూస్తే తెలివైన పరిష్కారమే. దాన్ని కట్టవలసి వచ్చిన అవసరం మాత్రం రాజకీయ వైఫల్యమని నా అభిప్రాయం.

ఒకే కొండ, రెండు చట్టాలు

బాక్సైట్ దగ్గరికి వద్దాం. కొరాపుట్ జిల్లా పంచపట్‌మాలి కొండ మీద ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో 1980ల నుంచి బాక్సైట్ తవ్వుతోంది. ఆంధ్ర వైపు అనంతగిరి, చింతపల్లి కొండల నెత్తిన అదే పొర ఉంది, కానీ తవ్వకం మొదలు కాలేదు. తేడా రాయిలో లేదు.

1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారం ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు నిబంధన, మనం 1/70 అని పిలుచుకునే చట్టం. ఆ చట్టంలో ఏజెన్సీ భూమి గిరిజనుడికి తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఒడిశాలో ఉన్నది 1956 నాటి వేరే నిబంధన. అందులో అధికారి అనుమతితో అమ్ముకునే వీలు చాలాకాలం ఉండేది, 2002లో దానిని మూసేశారు. 2023 నవంబరులో మళ్లీ తెరవాలని అక్కడి మంత్రివర్గం నిర్ణయించి, నిరసనలు రాగానే కొద్ది రోజుల్లోనే ఆపేసింది. ఆంధ్ర వైపు కూడా కాపలా ఎప్పుడూ గట్టిగా లేదు. 2015లో బాక్సైట్ కోసం జీవో 97 ఇచ్చారు, మన్యం భగ్గుమంది, 2019లో అది రద్దయింది.

ఒడిశా వైపు కొండను కాపాడింది భూమి చట్టం కాదు, ఊరి సభ. నియమగిరి బాక్సైట్ గని కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండను దైవంగా కొలిచే డోంగ్రియా ఖోండుల గ్రామసభలే తమ మతపరమైన, అటవీ హక్కుల సంగతి తేల్చాలని చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెట్టారు. 12 ఊళ్లూ గని వద్దన్నాయి. కువి మాట్లాడే ఆ ఆడవారూ మగవారూ న్యాయమూర్తి సమక్షంలో లేచి నిలబడి చెప్పిన మాటకు దేశంలోని పెద్ద గనుల కంపెనీ ఒకటి వెనక్కి తగ్గవలసి వచ్చింది. ఈ కొండల ఇటీవలి చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇదే.

ఇప్పుడు కొటియాకు తిరిగి వద్దాం. ఆ ఊళ్లకు వర్తించేది 1/70 చట్టమా, ఒడిశా నిబంధనా? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే ఊరివాడి భూమికి రక్షణ లేనట్టే. రెండు రేషన్ కార్డులున్నాయి కాబట్టి వాళ్లకు రెట్టింపు లాభమని మైదానంలో అనుకునేవారున్నారు. బియ్యం రెండుసార్లు వస్తుంది, నిజమే. హక్కు మాత్రం ఒక్కసారి కూడా గట్టిగా రాదు.

తేల్చాలంటే ఎలా

పార్లమెంటు తలచుకుంటే గీతను జరపగలదు. పోలవరం ముంపు కోసం 2014లో శబరి, గోదావరి తీరాన ఉన్న మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చింది కదా. చింతూరు, కూనవరం కోయలను అప్పుడు ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఖమ్మం జిల్లాకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాయి. ఆనకట్టకు అవసరమైనప్పుడు అంత త్వరగా కదిలే గీత, మనుషుల అవసరానికి 1968 నుంచి కదలడం లేదు.

సంయుక్త కమిటీ మళ్లీ పాత ఎస్టేటు పటాలు ముందేసుకుని కూర్చుంటే మరో యాభై ఏళ్లు పడుతుంది. నియమగిరి పద్ధతి ఇక్కడా పనికొస్తుందని నా నమ్మకం. 21 ఊళ్లలో గ్రామసభలు పెట్టి, న్యాయాధికారి సమక్షంలో, కువిలోనూ దేశియలోనూ మాట్లాడనిచ్చి, వారి మాటను పార్లమెంటు ముందు ఉంచవచ్చు. కొన్ని ఊళ్లు అటు, కొన్ని ఇటు అనవచ్చు. రెండు వైపులా ఉంటామని కూడా అనవచ్చు, అలా అన్నవారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు.

అప్పటిదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కేంద్ర చట్టం. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనుడికి ఆ భూమి మీద హక్కు ఉందని అది చెబుతుంది. ఆ పొలం ఏ రాష్ట్రంలో ఉన్నా హక్కు మారదు. హక్కు పత్రాన్ని ఆమోదించవలసింది మాత్రం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ, కొటియాకు కలెక్టర్లు ఇద్దరు. ఒకరిచ్చిన పత్రాన్ని రెండో వారు కాదనే వీలున్నంతకాలం ఆ కాగితాన్ని నమ్మి ఎవరూ బ్యాంకు మెట్లు ఎక్కలేరు. పార్వతీపురం, కొరాపుట్ కలెక్టర్లు ఇద్దరూ ఒకే పత్రం మీద సంతకం చేసి, సరిహద్దు ఎటు తేలినా ఈ హక్కు చెల్లుతుందని రెండు ప్రభుత్వాలూ ముందే రాసిస్తే చాలు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఏ రాష్ట్రమూ తన వాదనను వదులుకోనక్కర్లేదు.